బిల్లు వెనక

కొర్లగుంట నాలుగో సందు, పదకొండు గంటలు.
మీటరు పెట్టె కింద నిలబడి
అంకెలు కొట్టుకున్నాక
తప్పచ్చు పడిన బిల్లొకటి
రోజూ నా జేబులో మిగులుతుంది.
దాని వెనక్కి తిప్పి కూర్చుంటాను.

నీలం రీఫిల్లు. రబ్బరు లేదు.
తప్పు గీత పడితే దాన్నే
ఎవరింటి కేబుల్ వైరుగానో మార్చేస్తాను.
ఈ ఊర్లో ఒక వైరు ఎక్కువైతే
లెక్కపెట్టేవాళ్ళు లేరు.

మొదట్లో వీధంతా గీసేయాలనుకునేవాణ్ణి.
ఇప్పుడు రోజుకొకటే.
నిన్న, గోడకి తలకిందులుగా ఆనించిన చీపురు.
మొన్న, ఎస్టీడీ అని ఇంకా రాసున్న
చెప్పులంగడి షట్టరు.
ఆ ముందురోజు ఏమీ కుదరలేదు:
ఆటో ముందుచక్రం మూడుసార్లు గీశాను,
మూడుసార్లూ పూరీలాగా పొంగింది.

"ఇంటికి నిమిషంన్నర చాలు,
నీకు ఏడు నిమిషాలెందుకబ్బా?"
సూపర్‌వైజరు గజపతి ఫోన్లో అడుగుతాడు.
కుక్క ఉంది సార్, అంటాను.
కుక్క ఉన్నమాట నిజమే.
దాని చెవి వంపు దగ్గరే ఇరుక్కుపోయాను.

రంగు కావాలంటే చెంగల్రాయన్న బంకు.
గ్లాసు అడుగున మిగిలిన టీలో
చూపుడువేలు ముంచి రాస్తే
తడిసిన గోడ.
ఆరినాక ఇంకోసారి రాస్తే
సాయంత్రపు గోడ.
"తాగేదానికిస్తే పూసుకుంటావేంది నైనా"
అన్నాడు గాని
అప్పట్నుంచి నా గ్లాసులో
డికాక్షను కొంచెం చిక్కనే.

పూలు కట్టే మునిలక్షమ్మ
బొమ్మ చూసి ముక్కు తడుముకునింది.
"నాది ఇంత పొడుగా?"
తర్వాత కాగితంమీద తన వేళ్ళు చూసింది,
ఏమీ అనలేదు.
ఆ వేళ్ళకోసం నాలుగు నెలలు
ఆ ఇంటి మీటరు ఆఖర్న చదివాను.
దారం ఎక్కడాగి ముడి ఎక్కడ మొదలవుతుందో
ఇప్పటికీ చెప్పలేను.
చేతికి తెలిసినట్టుంది,
నాకు చెప్పలేదు.

ఒకసారి గుండ్లు చేయించుకున్న కుటుంబం
బస్సుకోసం నిలబడుంది.
అయిదు తలలు, తడి చందనం.
నీలం పెన్నుతో పసుపు ఎట్లా చెప్పేది?
చుట్టూ అంతా గీసి, సంచులు గీసి,
నీళ్ళ బాటిలు గీసి
ఆ అయిదింటినీ వదిలేశాను.
వాళ్ళల్లో చిన్నది వచ్చి తొంగిచూసింది.
"అంకుల్, కొండ ఏదీ?"

అందరూ అడిగేదదే.
తిరప్తిలో కూర్చుని బొమ్మలేస్తా
కొండ వెయ్యవా, గోపురం వెయ్యవా?
కొండకి మొక్కేదానికి దేశమంతా వస్తుంది.
ఈ మ్యాన్‌హోల్ మూతమీది పగులుకి
నేనొక్కణ్ణే.
ఆ పిల్లకి ఇవన్నీ చెప్పలేదు.
వైర్ల వెనక ఒక వంపు గీత లాగి
బొమ్మ చేతికిచ్చేశాను.
వాళ్ళ బస్సొచ్చింది.
ఇప్పుడది బళ్ళారిలోనో, ఏ సంచి అడుగునో.

గంగజాతర అయిన రెండో వారం
రోడ్డు వెడల్పని బంకు పీకేశారు.
ఎర్రగుర్తు పెట్టిన గోడ సగానికి తెగింది.
చెంగల్రాయన్న కరకంబాడి దావలో
బండి పెట్టుకున్నాడంటారు.
నా రూటు అటు పోదు.

ఆ రాత్రి బిస్కెట్ల డబ్బా తెరిచాను.
మెషిన్ అచ్చు కదా, వేడికి
బిల్లు వైపంతా వెలిసిపోయింది.
పేరు లేదు, యూనిట్లు లేవు,
కట్టాల్సిన ఆఖరు తేదీ లేదు.
ఎవరెవరి బాకీలో
ఉత్త తెల్లకాగితాలై ఉన్నాయి.
వెనక్కి తిప్పితే
బంకు ఉంది. బోర్లించిన గ్లాసులున్నాయి.
గోడమీద గోధుమరంగు మరక,
అది నేను వేసిన నీడో
అన్న చెయ్యి తగిలి ఒలికిన టీయో
ఎంతసేపు చూసినా గుర్తురాలేదు.

రేపు మళ్ళీ నాలుగో సందే.
సగం గోడకి నీడ ఎట్లా పడుతుందో
నేనింకా చూడలేదు.
పొద్దున్నే పోవాలి.
రీఫిల్లొకటి కొనుక్కోవాలి.