వేలు

అందరి పనుల్లో వేలు పెట్టడమే నా ఉద్యోగం.
అల్లూరు దాటాక డ్రైవర్ షఫీ అద్దం దించి
"ఇక్కణ్ణించి గాలి కూడా ఉప్పే మేడమ్" అన్నాడు.
నా ఒళ్ళో పదకొండు నెలల కాగితాలు.
యాకసిరి మస్తానమ్మ, వయసు అరవై ఎనిమిది,
పింఛను తీసుకున్నది. తీసుకున్నది. తీసుకున్నది.
ప్రతి ఒకటో తారీఖూ మిషన్ మీద పచ్చ దీపం.
ఒక్కసారైనా తడబడని వేలు.

అదే నా అనుమానం.
పొగాకు బ్యారన్లో పనిచేసిన మా నాన్న వేలు
బ్యాంకులో మూడుసార్లు తుడిస్తే గానీ పలకదు.

కయ్యలో ఆకాశం పడి ఉంది.
ఆమె దాన్ని చెక్క పలకతో ఒడ్డుకు లాగి
కుప్ప పోస్తోంది.
"వేలు చూపించు పెద్దమ్మా."
చీరకు తుడుచుకుని చాపింది.
నలభై ఏళ్ళు ఉప్పు నాకిన బొటనవేలు,
గీత లేదు, సుడి లేదు.
ఎండిన పెన్నలో కూడా ఇసక మీద
నీళ్ళు పోయిన జాడ ఉంటుంది. ఇక్కడ అదీ లేదు.

సంచిలోంచి మిషన్ తీశాను.
ఎర్ర దీపం.
చూపుడువేలు. ఎర్ర దీపం.
చిటికెనవేలు, ఎడమ చెయ్యి, మళ్ళీ మొదటి నుంచి.
పది వేళ్ళతో అడిగినా
ఈ ప్రభుత్వానికి ఆమె తెలియదు.

మరి పచ్చ దీపం ఎవరి వేలికి వెలిగింది?

దాచలేదు. దాచాల్సిన సంగతని ఆమెకు తెలిస్తే గదా.
"నా యేలు చెల్లదంటమ్మా.
పింఛన్లు పంచే పెంచలయ్య బాబు
ఆయన యేలు ఇచ్చినాడు నాకు.
రొండు నెల్లకోసారి వెయ్యి రూపాయలు
చేతిలో పెట్టి పోతాడు.
ఉట్టిపుణ్యానికి ఎవురిస్తారు ఈ కాలంలో?"

పింఛను నెలకెంతో చెప్పాను.
పదకొండు నెలలకీ కలిపి ఎన్ని వేలో చెప్పాను.
"యేలా?" అంది,
తన చేతి వంక చూసుకుంటూ.

చాలాసేపటికి, పలక పక్కన పెట్టి:
"ఆయన్ని తీసకపోతారా?
తుపానప్పుడు నన్ను బుజాన వేసుకోని
బడికాడికి మోసినాడమ్మా.
ఆయన పోతే ఈ దారెంట ఎవురొస్తారు,
నువ్వొస్తావా?"

నా ఫారంలో ఆ ప్రశ్నకు గడి లేదు.

వేలెత్తి చూపడం నలభై రోజులు నేర్పారు శిక్షణలో.
ఎత్తిన వేలి కింద ఒకరు ఇట్లా నిలబడి చూస్తుంటే
దాన్ని ఎక్కడ దించాలో ఎవరూ చెప్పలేదు.

రాశాను. మోసుకెళ్ళడం కూడా రాశాను,
కేసుకు అక్కర్లేదని తెలిసీ.
అడుగున, ఎప్పుడూ రాసే మాట:
చదివి వినిపించగా సరియని ఒప్పుకొని
వేలిముద్ర వేసినది.
ఊపిరి బిగబట్టి, పరీక్ష రాసే పిల్లలా
శ్రద్ధగా నొక్కింది.
కాగితం మీద ఊదారంగు చుక్క.
లోపల ఏమీ లేదు.

వచ్చేస్తుంటే కవరు నిండా ఉప్పు తెచ్చింది.
విచారణలో ఏదీ పుచ్చుకోకూడదు.
షఫీ పుచ్చుకున్నాడు. ఆ రూలు డ్రైవర్లకు రాయలేదు.
కోవూరు దాకా ఎవరం మాట్లాడలేదు.
ఎవరి ఉప్పు తింటున్నానో
నెలాఖరున జీతం పడినప్పుడు తప్ప
నేనెప్పుడూ లెక్క చూసుకోలేదు.

పెంచలయ్యను పక్కన పెట్టారు.
డబ్బు వసూలుకు నోటీసు వెళ్ళింది.
కొత్త కుర్రాడు రెండుసార్లు కయ్యల దాకా వెళ్ళాడట.
ఎర్ర దీపం. ఎర్ర దీపం.
ఇప్పుడా వెయ్యి కూడా లేదు.
కళ్ళు చూసే మిషన్ ఇప్పించమని అర్జీ పెట్టాను.
ఇండెంటు పంపామన్నారు.

ఇవ్వాళ నెల్లూరు ఆఫీసులో
నా ఫైలు నా బల్ల మీదికే తిరిగొచ్చింది.
ఊదా చుక్క పక్కన ఎర్ర సిరా:
"వేలిముద్ర స్పష్టముగా లేదు.
మరల తీసుకొని సమర్పించగలరు."

షఫీని జీపు తియ్యమన్నాను.
అడిగింది గదా,
నువ్వొస్తావా అని.