చూపు మేర

టెగ్వెన్ పెరట్లో నిలబడి నాలుగు దిక్కులూ చూశాను.
పడమట కొండ. ఉత్తరాన కొండ.
తూర్పున వాళ్ళ నాన్న నాటిన లార్చ్ చెట్ల బారు.
దక్షిణాన మాత్రం, లోయ కవతల,
పలకరాతి కప్పుతో ఒక కొట్టం, పక్కన ఒక పొగగొట్టం.

"అక్కడో చిన్న డిష్ బిగిస్తే చాలు" అన్నాను.
"టవర్ నుంచి ఆ కప్పుకి, ఆ కప్పు నుంచి మీ కప్పుకి."
గొర్రెలకు మందు పట్టే సీసా కడుగుతూ
"వేరే దారి చూడు" అంది.

వేరే దారి లేదు.
ఈ వేల్స్ కొండల్లో వైరు లాగడానికి కంపెనీ చెప్పిన లెక్క
ఆమె మందంతా అమ్మినా చాలదు.
రేడియోకి వంకర తిరగడం రాదు,
చూపుకి చూపు ఆనాలి, అంతే.
మధ్యలో తడిసిన ఆకయినా అడ్డమే.

ఆ కొట్టం ఇథెల్‌ది.
పదకొండేళ్ళ కిందట ఒక పొట్టేలు
ఎవరి చెవిగుర్తుదో తేలక ఇద్దరికీ మాటలు పోయాయి.
పొట్టేలు ఎప్పుడో పోయింది.
సంతలో ఎడమొహం, చర్చిలో పెడమొహం
అలాగే ఉండిపోయాయి.

ఇథెల్ టీ ఇచ్చాడు.
అడక్కుండానే మూడు చెంచాల చక్కెర.
"కరెంటు ఎంత తాగుతుంది?"
"ఒక చిన్న బల్బంత."
"ఎవరికోసమో నువ్వు చెప్పలేదు" అన్నాడు,
"నేనూ అడగలేదు."
లేచి వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు.

వెంట్రుకవాసి ఇటు, వెంట్రుకవాసి అటు,
వేళ్ళు కొంకర్లు పోయేదాకా తిప్పితే
మైనస్ అరవై రెండు దగ్గర కుదిరింది.

గొర్రెల ఫారాల కోసం పద్నాలుగు మైళ్ళు
లైబ్రరీకి పోయే పని తప్పింది టెగ్వెన్‌కి.
రాత్రి పది దాటాక ఏం చూస్తుందో నాకు తెలియదు,
ఎంత చూస్తుందో తెలుసు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున, ఆరూ నలభైకి,
పాత ల్యాండ్‌లైన్ నుంచి ఫోను: "పోయింది."
చూశాను. ఆమె రేడియో బతికే ఉంది.
"అవతల కరెంటు లేదు."
"గాలి కూడా లేదే" అంది.
"వాళ్ళ పొగగొట్టం కనబడుతుందా?"
కిటికీ దాకా నడిచిన చప్పుడు.
"పొగ లేదు."

రిసీవరు బల్ల మీద పెట్టేసింది.
తలుపు. కుక్క. బండి ఇంజను.
ఆ తర్వాత నలభై నిమిషాలు
ఒక ఖాళీ వంటింటి గడియారం విన్నాను.
ఎందుకు పెట్టెయ్యలేదో ఇప్పటికీ చెప్పలేను.

మధ్యాహ్నం నిచ్చెన తీసుకుని వెళ్ళేసరికి
కొట్టంలో గడ్డి మీద ఇద్దరూ ఉన్నారు.
వణుకుతున్న పిల్లకి వెచ్చటి దీపం పెట్టడానికి
ఇథెల్ నా ప్లగ్గు పీకేశాడట,
రాత్రంతా అక్కడే, పొయ్యి ఊసే లేదట.
"పాలు ఇంత వేడిగానా పట్టేది?" టెగ్వెన్ తిడుతోంది.
"నలభై ఏళ్ళుగా ఇలాగే పట్టాను."
ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు,
ఇద్దరూ పిల్లనే చూస్తున్నారు.
దాని చెవికి ఇంకా ఏ గుర్తూ లేదు.

వ్యాన్‌లోంచి రెండు ప్లగ్గుల బోర్డు తెచ్చిచ్చాను.
బిల్లులో రాయలేదు.
కప్పెక్కి చూస్తే డిష్ కదల్లేదు.
మైనస్ అరవై రెండు.
ముసురు మొదలైంది.