నూట పన్నెండు

దరఖాస్తులో ఏడో ప్రశ్న దగ్గర
కలం ఆగింది.
గతంలో మీ మీద క్రమశిక్షణ చర్య ఏదైనా?
అవును, కాదు. రెండు చిన్న గళ్ళు,
మాత్రల డబ్బాలో సోమవారం, మంగళవారం లాగా.
వివరించడానికి నాలుగు గీతలు.
చాలకపోతే కాగితాలు జతచేయవచ్చట.

ఆరేళ్ళ క్రితం అడిగుంటే
కట్టలు కట్టలు జతచేసేదాన్ని.
ముప్పయ్యొక్క మంచాలకు నేనొక్కదాన్నేనని,
అది వరసగా ఐదో రాత్రి అని,
మంచు తుఫానులో రావలసిన మనిషి రాలేదని.
అన్నీ నిజాలే.
నిజాల్ని కూడా తలమీదుగా కప్పుకుని
పడుకోవచ్చు.

సుపీరియర్ సరస్సు గాలి
కిటికీ సందుల్లో ఈల వేసే వృద్ధాశ్రమం.
పద్నాలుగో గదిలో ఆర్వో నీమెలా,
కుర్రతనంలో రాగి గనిలోకి దిగిన మనిషి.
వేలికి సూది గుచ్చబోతే చాలు
"ఎంత లోతు తవ్వుతావమ్మా,
అక్కడ రాగి లేదు" అనేవాడు.
రోజూ అదే మాట. రోజూ నవ్వేదాన్ని.

రాత్రి రెండింటికి ఆయన చక్కెర చూడాలి.
చూడలేదు.
కుర్చీలోంచి లేవకుండానే రాశాను:
నూట పన్నెండు.
ఎంత మర్యాదైన అంకె!
ఎక్కువా కాదు, తక్కువా కాదు,
ఎవరూ రెండోసారి తలెత్తి చూడనిది.
ఐదింటికి చెమటలో తడిసి ముద్దయి ఉన్నాడు.
మీటరు ఇరవై ఆరు చూపింది.
బతికాడు.
మాటలే తిరిగి రాలేదు.

రాయనిది చేయనట్టే, అని
నర్సింగు బళ్ళో మొదటి వారమే నేర్పారు.
చేయనిది రాస్తే ఏమవుతుందో
ఏ వారమూ నేర్పలేదు.

ఆ తర్వాత ఆరేళ్ళు
హైవే పక్క లాండ్రీలో
మోటెల్ దుప్పట్లు మడిచాను.
మూలలు మాత్రం ఆసుపత్రి పద్ధతిలోనే మడిచేదాన్ని,
చేతులకు లైసెన్సు పోయిన సంగతి తెలియదు.

ఒక శనివారం ఆయన కూతురు మార్యా వచ్చింది,
పెద్ద బొంత చంకన పెట్టుకుని.
గుర్తుపట్టింది. నేనూ.
డ్రయ్యరు తిరిగినంతసేపు
ఇద్దరమూ దానివైపే చూస్తూ కూర్చున్నాం.
నాకు నోరు పెగల్లేదు.
వెళ్తూ గోడ మీదికి చెయ్యి చూపి
"మీ గడియారం పది నిమిషాలు వెనకుంది" అంది.
అంతే.
నిచ్చెన తెచ్చి ముల్లు జరిపాను.
కిందికి దిగి చూస్తే
ఆమె కారు ఇంకా కదల్లేదు.

ఏడో ప్రశ్నకు ఈసారి
రెండు గీతలు సరిపోయాయి.
రోగి పేరు రాయకూడదని నియమం.
మనసులో అనుకుని చుక్క పెట్టాను.

లాన్సింగ్‌లో పొడుగు బల్ల, ముగ్గురు మనుషులు,
ఒక నీళ్ళ జగ్గు.
వాళ్ళలో పెద్దావిడ అడిగింది:
"మళ్ళీ అలాంటి రాత్రే వస్తే?"
వారం రోజులు అద్దం ముందు బట్టీపట్టిన జవాబు
జగ్గులో ఐసుముక్కలా కరిగిపోయింది.
"గడి ఖాళీగా వదిలేస్తాను" అన్నాను.
"వదిలేసి, ఫోన్ చేసి ఎవర్నో ఒకర్ని లేపుతాను.
ఖాళీకి తిట్టండి, పడతాను."
ఆవిడ ఏదో రాసుకుంది.
ఏం రాసుకుందో ఈరోజుకీ తెలియదు.

షరతులతో వచ్చింది లైసెన్సు.
రెండేళ్ళు రాత్రి డ్యూటీ లేదు.
పక్కన ఎప్పుడూ ఒక కన్ను ఉండాలి.
నా పేరు వెతికిన ఎవరికైనా
నా తప్పు ముందు కనబడుతుంది,
నేను తర్వాత.

నిన్న మొదటి రోజు.
బెర్నిస్ అనే ముసలామె వేలు పట్టుకున్నాను.
నా చెయ్యి వణికిందని ఆమెకు తెలుసు,
పైకి అనలేదు.
రెండు వందల నలభై మూడు.
వికారమైన అంకె, డాక్టరుకు ఫోన్ చేయాల్సిన అంకె.
టైముతో సహా ఉన్నదున్నట్టు రాశాను.

నన్ను కనిపెట్టి ఉండే పిల్లకు ఇరవైనాలుగేళ్ళు,
జడకు ఆకుపచ్చ రబ్బరుబ్యాండు.
మొహమాటపడుతూనే మీటరు అందుకుని
తనూ ఒకసారి చూసింది.

చూడాలి.