మూడు గ్లాసులు

జూన్ నెల, ఉక్కపోత.
పలాస స్టేషన్లో మధ్యాన్నం బండికి దిగింది ఆ గుంట.
మనిషి కంటే పెట్టె పెద్దది.
పేరు అకీనీ.
పొద్దు పొడిసే ఏల పుట్టినోలకి పెడతారట ఆ పేరు,
పాస్టరమ్మ సెప్పింది.
కెన్యా అంటే ఇచ్ఛాపురానికి అవతలో ఇవతలో
నాకేటి తెలుసు?

మిషను ట్రైనింగు ఇంట్లో ఆరుగురు పిల్లలు, వంట నాది.
నాకు ఏ దేవుడితోటీ తగువు లేదు.
నెల జీతంతోటే తగువు.

మొదటి రాత్రి అన్నం ముట్టలేదు.
వరండాలో నేల మీద పడుకుని
దోమలకి వాల భాషలో ఏదో సెప్పుకుంది.
మూడోనాడు సోడంబలి పోస్తే
వాసన సూసింది, మల్లీ సూసింది,
గుటుక్కున తాగీసి గ్లాసు సాపింది.
ఎందుకో నేనడగలేదు.
అడగడానికి మాటలేవీ, ఇద్దరి దగ్గరా?

"బాగున్నారా" మాత్రం బేగి పట్టీసింది.
కనిపించిన ప్రతోడినీ అడిగీసేది.
పాల కుర్రోడిని, జీడిపిక్కల లారీ డ్రైవర్ని,
గోడ మీద పిల్లిని.
పిల్లి తప్ప అందరూ బాగున్నామనే అన్నారు.

వారం తిరక్కుండానే ఒక అక్షరం దగ్గర ఏడిసింది.
"నీల్లు" అంటాది ఇది.
"నీళ్ళు" అంటారు జకరయ్య మాస్టారు.
నీల్లు. నీళ్ళు. నీల్లు.
వంటింట్లోంచి నేనే అరిసేను:
"మేం పుట్టి బుద్దెరిగిన కాడ్నుంచి నీల్లే తాగుతన్నాం,
ఏడవకే తల్లీ!"

శనివారం పిల్లల్ని ఆస్పత్రికి తీసికెల్లేరు.
కిడ్నీలు పోయినోల వార్డు.
ఉద్దానంలో ఆ వార్డు తెలీని గడప లేదు.
సాక్ష్యం సెప్పాలని రాత్రంతా బట్టీ పట్టింది,
కాయితం మీద పది లైన్లు.
మూడో మంచం మీద మా ఆయన కూర్మారావు.
దానికి తెలీదు.

కాయితం ఇప్పేలోగా ఆయనన్నాడట,
"అమ్మా, నీల్లు."

ఈ దేశం వచ్చేక
తనకి పూర్తిగా అర్థమైన మొదటి మాట అది.
దాని మొకం ఎలిగిపోయింది.
జగ్గు ఎత్తి గ్లాసు నిండా వొంపింది, అంచు పొర్లీలాగ.

కేరేజీ పట్టుకుని నేను గుమ్మంలోకొచ్చేసరికి
గ్లాసు ఆయన పెదాల దగ్గరుంది.
దాని సెయ్యి పట్టుకున్నాను.
గట్టిగానే పట్టుకున్నాను, గుర్తు పడింది.
పన్నెండేల్లు పిక్కలు కొట్టి
జీడి నూనెకి నల్లబడిపోయిన ఏల్లు నావి.
గ్లాసు లాక్కుని, బొటనేలంత అడుగున ఉంచి
మిగతాది సింకులో పారబోసేను.

అది నన్ను సూసిన సూపుంది సూడు.
దప్పికయినోడి నోటికాడ నీల్లు లాగీసినోల్ని
ఏ దేశంలోనైనా అలాగే సూస్తారు.
రోజుకి మూడే గ్లాసులే అమ్మా,
రెండు పొద్దున్నే అయిపోయాయే,
నాలుగోది తాగితే వొల్లు పొంగి ఊపిరాడదే,
ఇదంతా ఏ భాషలో సెప్పీది?
మూడు ఏల్లు సూపించేను. రెండు మడిసేను.
గుండె మీద సెయ్యేసి ఆయాసం పడి సూపించేను.
మా ఆయన నవ్వేడు, "నా పెల్లామే, తిట్టకు" అని.

ఆ రాత్రి వంటింటి గుమ్మంలో కూకుంది.
ఏడుపు లేదు. కాయితం లేదు.
గ్లాసులోంచి గ్లాసులోకి నీల్లు వొంపుతా
ఎంతకి ఎంతో కొలుసుకుంటంది.
నేను వొక గుడ్డ తడిపి, పిండి,
దాని పెదాల మీద అద్దేను, ఇలగ, అని.
కాసేపు కల్లు మూసుకుంది.
దానికీ దాహమేసినట్టుంది.

ఇప్పుడు శనివారం శనివారం అదే ముందెల్తాది
తడిగుడ్డ, గీత గీసిన సీసా పట్టుకుని.
"ఎన్ని అయ్యాయి?"
"ఒకటే" అని అబద్దమాడతాడు ఆయన.
రెండు ఏల్లు సూపిస్తాది అది,
కల్లెర్రసేసి.

"బాగున్నారా" అని ఎవర్నీ అడగదు.
పిల్లినొక్కదాన్నీ తప్ప.