సగటు తవుడు

కోవూరు మిల్లు బస్తా మూతి విప్పి
మా జేజి అంకమ్మ
ముందు చెయ్యి పెడతాది, తర్వాత ముక్కు,
ఆనక నాలిక మీద చిటికెడు.
పిడికిలి బిగించి వదుల్తాది.
ఉండగా నిలిస్తే నూనె ఉన్నట్టు.
వేళ్ళ సందుల్లోంచి జారితే
ఎవడో ఊక నూరి కలిపినట్టు.

పోయిన ఎడగారులో
ఇదే తొట్టి, ఇదే గంప,
పొద్దున రెండు, మాపున రెండు.
దోసెడు కూడా తగ్గించింది లేదు.
అయినా తొమ్మిది పిల్లల్నేసిన నల్ల పంది
చన్నులెండి గోడవైపు తిరిగి పడుకునింది.
బేరానికొచ్చిన మాలకొండయ్య
కర్రతో దాని డొక్క పొడిచి
"మేపింది చాలు, ఇంక అమ్మెయ్" అన్నాడు.
జేజి గంప చూపించింది.
గంప నిండుగానే ఉండాది.

నూనె పిండుకున్నాక కూడా
దాన్ని తవుడనే అంటారని
మాకు అప్పటిదాకా తెలీదు.

పశువుల డాక్టరమ్మ ఒక కాగితమిచ్చింది.
తవుడులో మాంసకృత్తులు ఇంత, పీచు ఇంత.
చదివింది నేనే.
"ఏ మిల్లుదంట?" అనింది జేజి.
"అన్ని మిల్లులదీ కలిపి సగటు."
కాసేపు ఆలోచించి,
"ఆ సగటు తవుడు యాడ అమ్ముతారో కనుక్కో,
రెండు బస్తాలు తెప్పిద్దాం" అనింది.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

నెల్లూరు మెస్సుల కుడితి
ఆదివారం చేపముళ్ళతో చిక్కగా ఉంటాది,
శనివారం సాంబారు నీళ్ళు,
కార్తీకమంతా గుమ్మడి తొక్కలు.
జువ్వలదిన్నె రొయ్యపొట్టు
ఉప్పు పోయేదాకా కడిగితే అడుగున ఇసక,
ఇసక తీసేస్తే
కొన్నది ఇసకేనని తెలుస్తాది.
వేరుశెనగ చెక్కకు ముసురు తగిలి పచ్చబూజు పడితే
డబ్బులు పెట్టి కొన్నదే అయినా
గుంత తీసి పూడ్చేస్తాది,
కుక్కకు కూడా పెట్టదు.

నల్లది మళ్ళీ ఈనింది. ఈసారి ఏడు.
తవుడు పిండిన చేత్తోనే
జేజి రోజూ దాని వీపు తడుముతాది.
వేలికి ఎముక తగిలిన రోజు
గోడ మీద బొగ్గుతో ఒక గీత,
ఆ బస్తా వచ్చిన మిల్లు పేరు నన్ను రాయమంటాది.
కాగితం చూరులో ఉంది, చెదలు పట్టలేదు,
అవసరం రాలేదు కూడా.

ఇవాళ కొత్త బస్తా.
పిడికిట్లో సగం ఉండ కట్టింది, సగం రాలింది.
జేజి ఏమీ అనలేదు.
రోకలి అందుకుని
చెక్క ఇంకో ముక్క ఎక్కువ దంచింది.