బండి ఱ

జులై మొదటి వారం. యాకిమాలో చెర్రీలు అయిపోతున్న రోజులు.
ఫోన్లో మార్కులొచ్చాయి.
నాకు ఐదు. యదీరాకి మూడు.

నా స్పానిష్
అట్టముక్కల మీద రాసుకుని
స్కూలు బస్సులో నమిలి మింగింది.
తనది ఉగ్గుపాలతో వచ్చింది.
ట్రక్కుని త్రోకా అంటుంది,
అచ్చు నెత్తిన గీత పెట్టడం మర్చిపోతుంది.
వాళ్ళమ్మ కేకేసేటప్పుడు గీతలు పెట్టదు మరి.

పెరో అంటే కానీ.
పెఱ్ఱో అంటే కుక్క.
ఆ తేడా నాకు పలకడం నేర్పింది తనే,
లంచ్ బల్ల దగ్గర, నా నాలుక మడతపడి
ఇద్దరం పొట్టలు పట్టుకుని.
"మాకూ ఉండేది ఈ అక్షరం, బండి ఱ.
ఇప్పుడెవరూ వాడరు" అన్నాను.
"వాడకపోతే మాకిచ్చెయ్యండి" అంది.

ఇవాళ ప్యాకింగ్ షెడ్డుకి వెళ్ళాను.
ఏం చెప్పాలో దారంతా కూర్చుకున్నాను,
క్రియలూ కాలాలూ అన్నీ సరిచూసి.
వాళ్ళ నానమ్మ ఎల్పీదియా బుట్ట దించి
గబగబా ఏదో అడిగింది. సగం అందలేదు.
అందిన సగానికి
ఒక్క తప్పు లేకుండా జవాబిచ్చాను.
ముసలామె వెనక్కి తిరిగి ఏదో అంది,
షెడ్డు షెడ్డంతా నవ్వింది.

"ఏమంది?"
"బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చినట్టుందట."

గ్రాంథికం!
ఐదుకి ఐదు గ్రాంథికం.

యదీరా మాత్రం నవ్వలేదు.
మూడు సంగతి ఎత్తలేదు.
కాస్త చితికినవి, అమ్మకానికి పనికిరానివి
నా దోసిట్లో పోసింది.

"పెరో..." అన్నాను, ఒంటి ర తోనే.
తర్వాత ఏం రావాలో
ఏ అట్టముక్క మీదా లేదు.