ఖాళీ బండి తూకం

ఎనుమాముల మార్కెట్ గేటు కాడ వేబ్రిడ్జి నాది.
అంటే, కుర్చీ నాది.
పద్నాలుగేండ్ల సంది మిర్చి లారీలు తూస్తున్న.
పది కిలోల లోపు మా కాంటకు కనబడదు,
కనబడకున్నా ఎవ్వరు అడగరు.
అసొంటిదాన్ని
ఈ రాత్రి వంటింట్ల చెంచా పట్టుకొని కూసున్న,
ఎంత పొడి పోసుకోవాల్నో తెల్వక.

నిద్ర రాదు. సీజన్ మొదలైన సంది రాదు.
కండ్లు మూస్తే లారీలు లైన్ కడ్తయి,
హారన్ కొడ్తయి.

మా వదిన సారక్క అన్నది: చెంచాడు, బర్రె పాలల్ల.
చాయ్ అమ్మే ఓదెలు అన్నడు: రెండు చెంచాలు, తేనెల.
వాని బామ్మర్ది కుస్తీ పడ్తడట, గట్లనే తిన్నడట.
డబ్బా మీద ఇంకో లెక్క,
దాని కింద చీమ కాళ్ళంత అక్షరాలు,
అద్దాలు పెట్టుకున్నా అందలే.
ఆ పైన గుర్రం బొమ్మ,
ముందటి కాళ్ళు లేపి.

నాకు గుర్రం ఎరుక.
మా నాయన స్టేషన్ కాడ జట్కా తోలిండు.
మూత తీసి వాసన చూసిన.
అవును,
తడిసిన జీను, ఎండుగడ్డి,
చాందిని మెడ కింద చెయ్యి పెడితే అంటుకునే చెమట.

నాయన ఉలవలు గుప్పిట్లనే కొలిచేటోడు.
ఎండకాలం అర గుప్పెడు తక్కువ,
కాజీపేట దాకా బేరం తగిలిన్నాడు అర గుప్పెడు ఎక్కువ.
ఒకనాడు నేను, అది ఖుషీ అయితదని,
దొంగతనంగ రెండు దోసిళ్ళు పోసిన.
నడిరాత్రి కడుపు కట్టి పొర్లింది.
నాయన నన్ను కొట్టలే.
తెల్లారేదాక దాన్ని రైలుపట్టాల గోడ పొంటి
అటు తిప్పిండు, ఇటు తిప్పిండు,
లాంతరు పట్టుకొని ఎనుక నేను.
చాందిని బతికింది.
ఆ గోడ పొంటి నేను మాత్రం ఇంకా నడుస్తనే ఉన్న.

చెంచా కడిగి బోర్లించిన.

పొద్దుగాల మట్టెవాడ పోయిన,
ఖలీలుద్దీన్ సాబ్ మూలికల దుకాణానికి.
మా అమ్మమ్మ పెన్నేరు గడ్డ అనేది,
డబ్బా అశ్వగంధ అంటది,
ఆయన అస్గంద్ అన్నడు.
"ఎంత తినాలె సాబ్?"
ఆయన తరాజు ముట్టలే.
"ఇంకేం గోలీలు తింటవమ్మా?"
"ఏం లేవు."

చూసిండు.
క్యాబిన్ల క్లీనర్ను పండబెట్టి
"ఎవ్వరు లేరక్కా" అనే డ్రైవర్ను
నేను చూసినట్టు చూసిండు.

చెప్పిన ఇగ.
పరగడుపున థైరాయిడ్ గోలీ, ఆరేండ్లాయె.
బీపీది గూడ, యాదికుంటే.

"ఇది థైరాయిడ్‌ను కదిలియ్యొచ్చు.
నీ గోలీకి తోడైతే గుండె దడ,
నిద్ర కోసం తింటే ఉన్న కునుకు పోతది.
నీకెంతనో నా తరాజుకు తెల్వది.
రక్తం చూపిచ్చుకో,
ఎంజీఎంల డాక్టరమ్మకు ఈ డబ్బా చూపియ్యి.
అప్పటిదాక సున్న."
"మరి ఓదెలు బామ్మర్ది?"
"ఆయన వేరే బండి."

దుకాణం మెట్ల మీదనే నవ్వొచ్చింది.
పద్నాలుగేండ్ల సంది కిటికీలకెళ్ళి నేను ఒర్రే మాటనే గద,
ఖాళీ బండి తూకం లేంది
లోడు లెక్క ఎట్ల తేల్తదిరా అని.

ఇయ్యాల నైట్ డ్యూటీ.
రెండు గొట్టినంక యార్డు సప్పుడు లేదు,
ఘాటు ఒక్కటే తిరుగుతున్నది.
సోమవారం చిట్టి పర్సుల ఉన్నది.
ఎందుకో లేచి పోయి కాంట మీద నిలబడ్డ.
డబ్బా పట్టుకొని: అరవై.
డబ్బా కింద పెట్టి: అరవై.
చెప్పులు ఇడిసి గూడ చూసిన.

గేటు కాడ హారన్ కొట్టింది.
ఈసారి నిజం లారీ.